పేగులలోని సూక్ష్మజీవులు, రక్తపోటు, మన మజ్జిగ గ్లాసు

వరిగడ్డిని పాలుగా మార్చే పని పశువు ఒక్కటే చేయదని మన సభ్యులందరికీ తెలుసు. నెమరువేసే పశువు మొదటి పొట్టలో, అంటే రూమెన్‌లో, లెక్కకు అందనన్ని సూక్ష్మజీవులు కాపురముంటవి. గడ్డిలోని పీచును అవి పులియబెట్టి ముఖ్యంగా మూడు ఆమ్లాలు తయారుచేస్తవి. వెనిగర్‌కు పులుపునిచ్చే అసిటిక్ ఆమ్లం ఒకటి. స్విస్ చీజ్‌కు దాని ప్రత్యేకమైన రుచినిచ్చే ప్రొపియోనిక్ ఆమ్లం రెండవది. చెడిన వెన్న మూత తీయగానే ముక్కుకు తగిలే బ్యుటిరిక్ ఆమ్లం మూడవది. పశువుకు కావలసిన శక్తిలో సుమారు 70 శాతం వీటినుంచే లభిస్తుంది. పాలలోని వెన్నకు ముడిసరుకు కూడా చాలావరకు ఇదే. దాణా పెంచి గడ్డి తగ్గించిన ఇంటి పాలకు సేకరణ కేంద్రంలో వెన్న శాతం పడిపోవడానికి కారణం ఇక్కడే ఉన్నది.

ఈ మూడు ఆమ్లాలే మన పెద్దపేగులోనూ తయారవుతున్నవి. మనం నెమరువేసే జీవులం కాము గనుక వీటివల్ల మనకు దొరికే శక్తి పదోవంతుకు మించదు. అంత చిన్న వాటా కోసం పట్టించుకోవలసినది ఏమున్నదని అనిపించవచ్చును. కాని గత పది పన్నెండేళ్లుగా జరుగుతున్న పరిశోధనలు ఈ ఆమ్లాలకు, వాటిని తయారుచేసే సూక్ష్మజీవులకు, మనిషి రక్తపోటుకు సంబంధం ఉన్నదని చూపుతున్నవి. పాలు, పెరుగు, మజ్జిగ మన వృత్తి. అందువలన ఈ మాట చెవిన పడగానే "అయితే పెరుగు తింటే బి.పి. తగ్గుతుందన్నమాట" అని ఒక్క గంతులో అనేసేవారు మన సంఘాలలోనే ఎక్కువ. ఆ నమ్మకంతో మాత్రలు పక్కన పెట్టేవారు కూడా లేకపోలేదు. ఈ వ్యాసం రాయడానికి ముఖ్య కారణం అదే.

ముందు రక్తపోటు సంగతి. గుండె కొట్టుకున్నప్పుడు రక్తం నాళాల గోడలమీద కలిగించే ఒత్తిడి పై అంకె, గుండె సడలినప్పుడు ఉండే ఒత్తిడి కింది అంకె. వేరువేరు రోజులలో చూసినా 140/90 లేక అంతకు మించి వస్తుంటే రక్తపోటు ఉన్నట్లు. దీనితో వచ్చిన చిక్కేమంటే నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, పనికి అడ్డురాదు. గుప్త పొదుగువాపు ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే. పొదుగు మామూలుగానే కనిపిస్తుంది, పాలు తెల్లగానే ఉంటవి, లోపల మాత్రం నష్టం జరిగిపోతూ ఉంటుంది. పరీక్ష చేస్తేనే బయటపడుతుంది. రక్తపోటు అట్లా ఏళ్ల తరబడి సాగి చివరకు పక్షవాతంగానో, గుండెపోటుగానో, మూత్రపిండాల జబ్బుగానో బయటపడుతుంది.

ప్రపంచం మొత్తంమీద 30, 79 ఏళ్ల మధ్యవారిలో 128 కోట్లమందికి రక్తపోటు ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించింది. వారిలో 46 శాతం మందికి తమకు ఆ జబ్బున్నట్లే తెలియదు. మన దేశంలో 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం 15 ఏళ్లు దాటిన స్త్రీలలో 21 శాతం, పురుషులలో 24 శాతం రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు, లేదా దానికి మందు వాడుతున్నవారు. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఈ లెక్క దేశపు సగటుకంటె ఎక్కువే. రెండువందలమంది పెద్దవారు పాలుపోసే సంఘమైతే, వరుసలో క్యాను పట్టుకొని నిలబడినవారిలో నలభై యాభైమంది ఈ కోవలోని వారేనని అనుకోవచ్చును.

ఇక సూక్ష్మజీవుల విషయం. 70 కిలోల బరువున్న మనిషి ఒంటిలో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని 2016లో వేసిన ఒక అంచనా. అన్నీ కలిపి తూస్తే పావుకిలోకు లోపే. వాటిలో అత్యధిక భాగం పెద్దపేగులోనే ఉంటవి. చిన్నపేగులో జీర్ణం కాక మిగిలిన పీచుపదార్థం అక్కడికి చేరుతుంది. అదే వాటికి మేత.

రక్తపోటు ఉన్నవారి పేగులలో ఈ సూక్ష్మజీవుల పంపకం వేరుగా ఉంటుందా అన్నది మొదటి ప్రశ్న. జపాన్‌లోని క్యోటోలో 1963లో ఒక ఎలుకల జాతిని తయారుచేశారు. ఏ మందూ ఇవ్వకుండానే వయసుతోపాటు వాటికి రక్తపోటు పెరుగుతుంది. ప్రపంచమంతటా రక్తపోటు పరిశోధనకు అవే ఆధారం. అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారు 2015లో ఈ ఎలుకల పేగులను పరిశీలించి, మామూలు ఎలుకలలో కంటె సూక్ష్మజీవుల రకాలు తక్కువగా ఉన్నవని, అసిటిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు తయారుచేసే రకాలు తగ్గిపోయినవని తెలియజేశారు. చైనా శాస్త్రజ్ఞులు 2017లో 196మంది మనుషులను పరిశీలించారు. వారిలో 99మంది రక్తపోటు ఉన్నవారు, 56మంది ఆ సరిహద్దులో ఉన్నవారు, 41మంది ఆరోగ్యవంతులు. ఇక్కడ కూడా తేడా కనిపించింది. సరిహద్దులో ఉన్నవారి పేగుల తీరు ఆరోగ్యవంతులకంటె జబ్బువారికే దగ్గరగా ఉండడం గమనించదగినది.

అయితే తేడా ఉన్నంతమాత్రాన కారణం అదేనని చెప్పడానికి వీలులేదు. జబ్బువల్లనే పేగులు మారి ఉండవచ్చును గదా! దీనిని తేల్చడానికి చైనావారు చేసిన పని మన పశువైద్యులకు కొత్తది కాదు. పశువు మేత మానేసి నెమరు ఆగిపోయినప్పుడు ఆరోగ్యంగా ఉన్న మరొక పశువు నెమరును తీసి దానికి పట్టించడం మనం ఎరిగినదే. ఆ నెమరుతోపాటు మంచి సూక్ష్మజీవులు వెళ్లి పొట్టను మళ్లీ నడిపిస్తవి. చైనావారు దానినే తిరగేసి చేశారు. పుట్టినప్పటినుంచి ఏ సూక్ష్మజీవీ సోకకుండా మూసిన గదులలో పెంచిన చిట్టెలుకలకు, రక్తపోటు ఉన్న మనుషుల మలంలోని సూక్ష్మజీవులను ఎక్కించారు. ఆ చిట్టెలుకలకు రక్తపోటు పెరిగింది. ఆరోగ్యవంతుని సూక్ష్మజీవులు ఎక్కించినవాటికి అంత పెరగలేదు. అంటే కొంతవరకైనా కారణం పేగులలోనే ఉన్నట్లు.

పేగులో తయారైన పులుపు రక్తనాళం దాకా ఎట్లా పోతుంది? ఆమ్లాలు పేగు గోడగుండా రక్తంలోకి ఇంకి శరీరమంతా తిరుగుతవి. రక్తనాళాల గోడలలో వాటిని గుర్తించే గ్రాహకాలున్నవి. తాళంచెవి తాళంలో పడినట్లు ఆమ్లం అక్కడ కూర్చోగానే నాళం కొద్దిగా సడలుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. అమెరికాలో 2013లో వెలువడిన పరిశోధనలో ఇంకొక వింత బయటపడింది. ముక్కులో వాసన పట్టే జాతికి చెందిన ఒక గ్రాహకం మూత్రపిండంలో కూడా ఉన్నది. ప్రొపియోనిక్ ఆమ్లం వాసన తగలగానే అది రెనిన్ అనే పదార్థాన్ని విడుదల చేయించి రక్తపోటును పెంచుతుంది! ఒక చేత్తో పగ్గం వదులుతూ రెండవ చేత్తో బిగించినట్లున్నది ఈ ఏర్పాటు. మామూలుగా ఉండే మోతాదులో సడలించే గ్రాహకమే ముందుగా పనిచేస్తుందని, రెండవది పోటు మరీ పడిపోకుండా కాపు కాస్తుందని ఆ పరిశోధకుల భావన. ప్రకృతి ఏ పనినీ ఒకే మేకుకు తగిలించదు.

ఇప్పుడు ఉప్పు. మన ఇండ్లకు అన్నిటికంటె దగ్గర సంగతి ఇదే గనుక కొంచెం వివరంగా చెప్తాము. ఉప్పు ఎక్కువైతే ఒంటిలో నీరు నిలిచి రక్తపోటు పెరుగుతుందని ఇదివరకే తెలుసు. బెర్లిన్‌లోని మాక్స్ డెల్‌బ్రూక్ కేంద్రం శాస్త్రజ్ఞులు 2017లో మరొక దారి చూపారు. చిట్టెలుకలకు ఉప్పు బాగా కలిపిన మేత పెట్టగా వాటి పేగులలో లాక్టోబాసిల్లస్ మ్యూరినస్ అనే బాక్టీరియా బాగా తగ్గిపోయింది. పేరు చూస్తేనే తెలుస్తుంది, ఇది మన పెరుగులో ఉండే లాక్టోబాసిల్లస్‌లకు చుట్టమే. అది తగ్గగానే టిహెచ్-17 అనే ఒక రకం రక్షక కణాలు పెరిగినవి. ఇవి హద్దుమీరితే నాళాలలో వాపు పుట్టి పోటు పెరుగుతుంది. ఆ బాక్టీరియానే తిరిగి నోటిద్వారా ఇవ్వగా ఆ కణాలూ తగ్గినవి, రక్తపోటూ కొంత తగ్గింది. తర్వాత 12మంది ఆరోగ్యవంతులైన పురుషులకు మామూలు భోజనంమీద రోజుకు 6 గ్రాముల ఉప్పు అదనంగా 14 రోజులు ఇచ్చి చూశారు. రెండు వారాలకే రక్తపోటు పెరిగింది, ఆ రక్షక కణాలు పెరిగినవి, పేగులలోని లాక్టోబాసిల్లస్‌లు తగ్గిపోయినవి. పన్నెండుమంది అంటే చిన్న పరీక్షే. అయినా 6 గ్రాములంటే చెంచాకు కొంచెం ఎక్కువ, అంతేనన్నది మరువరాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాములు దాటవద్దంటున్నది. మన దేశంలో 2017–18లో జరిగిన జాతీయ సర్వేలో సగటున 8 గ్రాములు తింటున్నట్లు తేలింది. ఇది ఆవకాయ తినేవారిని, తిననివారిని కలిపి వేసిన సగటు. మన సంగతి ఎవరికి వారే ఊహించుకోవచ్చును.

ఉప్పు సూక్ష్మజీవులను తగ్గించే దారి అయితే, పీచు వాటిని పోషించే దారి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ శాస్త్రజ్ఞులు 2017లో రక్తపోటు కలిగించిన చిట్టెలుకలకు పీచు ఎక్కువ గల మేతను కొన్నిటికి, అసిటిక్ ఆమ్లపు లవణాన్ని కొన్నిటికి పెట్టి చూశారు. రెండింటిలోనూ పోటు తగ్గింది, గుండె గట్టిపడడం తగ్గింది. 2023లో ఆస్ట్రేలియావారే మనుషులమీద పరీక్ష జరిపారు. మందు వాడకుండా ఉన్న 20మంది రక్తపోటు రోగులకు, జీర్ణం కాకుండా పెద్దపేగు దాకా పోయి అసిటిక్, బ్యుటిరిక్ ఆమ్లాలను అక్కడ విడుదల చేసే మొక్కజొన్న పిండిని మూడు వారాలు ఇచ్చారు. 24 గంటలు వరుసగా కొలిచిన పై అంకె సగటున 6 మిల్లీమీటర్లు తగ్గింది. ఒక మాత్ర చేసే పనికి ఇది ఇంచుమించు దగ్గరగా ఉన్నదనవచ్చును గాని, ఇరవైమందితో మూడు వారాలలో కనిపించినది వేలమందిలో ఏళ్ల తరబడి నిలబడాలి. ఆ పిండి మన ఊరి అంగడిలో దొరికేది కాదు కూడా.

మన అంగడిలో దొరికేవి వేరే ఉన్నవి. జొన్నలు, రాగులు, సజ్జలు, కొర్రలు, ఉలవలు, అలసందలు, పొట్టుతో ఉన్న పప్పులు, ఆకుకూరలు. పాలిష్ పట్టిన తెల్లటి బియ్యంలో పీచు దాదాపు శూన్యం. బియ్యం నుంచి తీసిన తవుడు గేదెకు వేసి, తెల్లన్నం మనం తింటున్నాము. గేదె పొట్టలోని సూక్ష్మజీవుల విషయంలో మనకున్న శ్రద్ధ మన పొట్టవాటిమీద లేదు! వండి చల్లార్చిన అన్నంలో పిండిపదార్థం కొంతభాగం సులభంగా జీర్ణం కాని రూపానికి మారి పెద్దపేగుకు చేరుతుంది. ఉల్లిపాయలో కూడా ఈ సూక్ష్మజీవులు ఇష్టపడే ఒక రకం పీచు ఉన్నది. రాత్రి అన్నంలో మజ్జిగ పోసుకొని ఉల్లిపాయ నంజుకొని పొలానికి పోయిన పెద్దల చద్దిమూట ఈ లెక్కన మంచిదే. పక్కన ఎంత పచ్చడి పెట్టుకున్నారన్నది మాత్రం వేరే లెక్క.

ఇప్పుడు మన సరుకు దగ్గరికి వద్దాము. పెరుగు, మజ్జిగ రక్తపోటును తగ్గిస్తవా?

జపాన్‌వారు లాక్టోబాసిల్లస్ హెల్వెటికస్ అనే బాక్టీరియాతో, ఈస్టుతో పులియబెట్టిన పాలనుంచి 1995లో రెండు చిన్న మాంసకృత్తు ముక్కలను వేరుచేశారు. పాలలోని కేసీన్‌ను ఆ బాక్టీరియా కత్తిరించగా మిగిలిన ముక్కలివి. ఒక్కొక్క దానిలో మూడేసి అమైనో ఆమ్లాలు మాత్రమే ఉంటవి. రక్తనాళాలను బిగించే పదార్థం తయారు కావడానికి ఒంటిలో ఒక ఎంజైము అవసరం. వైద్యులు రాసే ఎనలాప్రిల్, రామిప్రిల్ మాత్రలు ఆ ఎంజైమునే అడ్డుకుంటవి. ప్రయోగశాలలో ఈ ముక్కలూ దానినే అడ్డుకున్నవి. 1996లో 30మంది వృద్ధ రోగులతో జరిపిన పరీక్షలో ఆ పులిసిన పాలు రోజుకు 95 మిల్లీలీటర్లు తాగినవారిలో ఎనిమిది వారాలకు పై అంకె సుమారు 14 మిల్లీమీటర్లు తగ్గింది. పాల పరిశ్రమకు అది పండుగ వార్త. కాని 2008లో నెదర్లాండ్స్‌లో వెలువడిన పరీక్షలో అవే ముక్కలు ఇచ్చినా రక్తపోటులో మార్పు కనిపించలేదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ కూడా ఆ ప్రకటనను ఒప్పుకోలేదు.

బాక్టీరియా బ్రతికి ఉన్న పెరుగు, పులిసిన పాలు, అట్లాంటి ఇతర పదార్థాలమీద అప్పటివరకు జరిగిన తొమ్మిది పరీక్షలను 2014లో ఒకచోట చేర్చి లెక్కవేశారు. మొత్తం 543మంది. పై అంకె సగటున మూడున్నర, కింది అంకె రెండు మిల్లీమీటర్ల పైచిలుకు తగ్గినవి. బాక్టీరియా సంఖ్య బాగా ఎక్కువగా ఉండి, ఎనిమిది వారాలు తగ్గకుండా తీసుకున్నవారిలోనే లాభం కనిపించింది. 160 ఉన్న మనిషి ఈ లెక్కన 156కు వస్తాడు. అది ఆరోగ్యం కాదు.

ఎందుకంత తక్కువ అంటే, పెరుగులోని బాక్టీరియాలో చాలాభాగం కడుపులోని ఆమ్లానికే చస్తవి. తప్పించుకొని పేగు చేరినవి కూడా చుట్టపుచూపుగా వచ్చి నాలుగు రోజులుండి పోయేవే. అక్కడ స్థిరంగా ఉన్నవాటికి మేత కావాలి. వట్టి కుండలో ఎంత తోడు వేసినా పెరుగు తోడుకోదు గదా! పెరుగు తింటూ పీచు తినకపోవడం అట్లాంటిదే. మజ్జిగపులుసు కాచినప్పుడు బాక్టీరియా నశిస్తవి. నెలల తరబడి నిలవ ఉండే పెట్టెలలో అమ్మే మజ్జిగను కూడా పులిసిన తర్వాత వేడిచేస్తారు గనుక వాటిలో బ్రతికినవి ఉండవు. కాల్షియం, మాంసకృత్తులు మాత్రం ఎక్కడికీ పోవు.

పాలు, పెరుగు భోజనంలో భాగంగా ఉన్నప్పుడు మేలు చేస్తవనడానికి అమెరికాలో 1997లో వెలువడిన డాష్ పరీక్ష మంచి ఆధారం. అందులో 459మంది పాల్గొన్నారు. పండ్లు, కూరగాయలు ఎక్కువగా పెట్టినప్పుడు పోటు కొంత తగ్గింది. వాటికి వెన్న తక్కువగా ఉన్న పాలపదార్థాలను చేర్చి, మొత్తంమీద కొవ్వు తగ్గించినప్పుడు ఇంకా ఎక్కువ తగ్గింది. రక్తపోటు ఉన్నవారిలో పై అంకె 11 మిల్లీమీటర్లకు పైగా దిగింది. వెన్న తీసిన మజ్జిగ ఆ భోజనానికి చక్కగా సరిపోతుంది. ఆ కీర్తి మొత్తం భోజనానిది, అందులో పాలవాటా ఎంతో విడదీసి చెప్పడానికి లేదు.

కాబట్టి సభ్య సంఘాలకు మా మనవి ఒకటున్నది. పెరుగు అమ్మే కేంద్రాల దగ్గర "బి.పి. తగ్గును" అని బోర్డులు రాయించవద్దు. అమ్మకాలు పెరుగుతవనే ఆశ మాకూ లేకపోలేదు. కాని ఆ బోర్డు చదివి మాత్ర మానేసిన మనిషి మన సభ్యుడో, మన సభ్యురాలి భర్తో అయి ఉంటాడు. మాత్ర వేసుకుంటే పోటు దిగుతుంది, మానేస్తే మళ్లీ ఎక్కుతుంది. బాగున్నదని మానేయడమంటే, చేను పచ్చగా ఉన్నదని నీరు కట్టేయడమే. మోతాదు తగ్గించాలా, మార్చాలా అన్నది అంకె చూసి వైద్యుడు చెప్పవలసిన మాట. మూత్రపిండాల జబ్బున్నవారు పాలు, పెరుగు ఎంత తీసుకోవచ్చునో కూడా వైద్యునే అడగాలి.

బోర్డుకు బదులు సంఘం చేయదగిన పని మరొకటున్నది. పాల బిల్లులు చెల్లించే రోజున సభ్యులందరూ ఎట్లాగూ వస్తారు. ఆ ఉదయం ఆరోగ్య ఉపకేంద్రం నర్సును పిలిపించి ముప్పై ఏళ్లు దాటిన ప్రతివారికీ రక్తపోటు చూపించవచ్చును. క్యాను మోసుకొచ్చిన ఆయాసంతో ఉన్నవారిని అయిదు నిమిషాలు కూర్చోబెట్టి కొలవాలి. అంతకు అరగంట ముందు టీ, చుట్ట, బీడీ పనికిరావు. పాలు పోసేందుకు వచ్చేవారిలో స్త్రీలే ఎక్కువ. తమ సంగతి ఆఖరున చూసుకునేవారూ వారే.

చివరగా మజ్జిగ గ్లాసులోని ఉప్పు. గ్లాసుకు అరచెంచా వేస్తే రెండున్నర గ్రాములు. రెండు గ్లాసులకు రోజు మొత్తానికి చెప్పిన 5 గ్రాములూ అయిపోయినవి, ఇంకా అన్నంలోకి కూర రాలేదు. ఎండలో పనిచేసి చెమటోడ్చేవారికి ఉప్పు కావాలి గదా అంటారు. అది నిజమే గాని, మూడు పూటల కూర, పచ్చడి, చారులో దానికి సరిపడా ఇప్పటికే పడుతున్నది. అల్లం, కరివేపాకు, కొత్తిమీర, నిమ్మరసం వేసి ఉప్పు చిటికెడుకు దింపితే పది రోజులకు నాలుక అలవాటు పడుతుంది. ప్యాకెట్ మజ్జిగ కొనేవారు దానిమీద సోడియం అని మిల్లీగ్రాములలో వేసిన అంకె చూడండి. దానిని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు.